పాత బండికి స్వహస్తవైద్యము



తర్కము చదివిన పండితుడు మోటారుబండి క్రింద దూరుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కొండపై పొగను జూచి యచట నిప్పున్నదని యూహించుట మా శాస్త్రమున మొదటి పాఠము. పొగను జూచి కారణమును నిర్ణయింపవలసిన విద్య మఱియొకటి కలదు. అది పాతబడిన వ్యానును తన చేతులతో బాగుచేసికొనుట. ఈ విద్య మనకెంతవఱకు మేలుచేయునో, ఎచ్చట మనము చేయి వెనుకకు దీసికొనవలెనో నేడు విన్నవించెదను.

నేను చీరాలలో ఉపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. నా యింట 1998లో నమోదైన మారుతీ ఓమ్నీ వ్యాను కలదు. ఈ జాతి బండి 1984లో మారుతీ వ్యాన్ అను పేరుతో మన దేశమున వెలువడినది. 2019లో దీని తయారీ నిలిచిపోయినది. దీని యింజను 796 ఘనసెంటీమీటర్లది, సిలిండర్లు మూడు. అది ముందరి సీట్ల క్రిందనే యుండును గనుక సీటు పైకెత్తినచో జాలభాగము చేతికందును. గృహస్థుడు పానా పట్టుట నేర్చుకొనుటకు మిక్కిలి యనువైన బండి.

సొంత కారునకు గాని వ్యానునకు గాని మొదటి నమోదు 15 సంవత్సరములకు చెల్లును. పిమ్మట నైదేండ్ల కొకమాఱు పునరుద్ధరించుకొనవలెను. దీని రుసుము 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి 600 రూపాయలనుండి 5000 రూపాయలకు పెరిగినది. రుసుము గట్టినమాత్రమున బని తీరదు. బండి యోగ్యతయు బరీక్షింపబడును. కావున పాతబండిని నిలుపుకొనదలచినవాడు దాని దేహస్థితి నెఱుగక తప్పదు.

ఇక పొగ మాట. సైలెన్సరునుండి నీలిపొగ వెడలుచున్నచో ఇంజను ఆయిలు సిలిండరులోనికి జొచ్చి మండుచున్నదని యర్థము. రింగులో, వాల్వు సీళ్లో యఱిగియుండును. నల్లపొగ వచ్చుచున్నచో పెట్రోలెక్కువై గాలి చాలకున్నదని తెలియవలెను. అప్పుడు మొదట జూడవలసినది దుమ్ముతో మూసికొనిపోయిన గాలి ఫిల్టరును. తెల్లపొగ విడువక వచ్చుచు, రేడియేటరులోని నీరు దినదినము తగ్గుచున్నచో ఆ నీరు సిలిండరులోనికి బోవుచున్నదని శంకింపవలెను. అయితే పుష్యమాసపు తెల్లవాఱుజామున బండి నడపగానే కొంతసేపు తెల్లని యావిరి కనబడును. అది రోగము గాదు. పెట్రోలు మండునప్పుడు పుట్టు నీటియావిరి చలికి గడ్డకట్టి యట్లు కనబడును. పొగమంచును పొగయని భ్రమించి కొండపై నిప్పున్నదని వాదించువాని హేతువు చెల్లదని మా గురువులు చెప్పెడివారు. ఇంజను విప్పుటకు ముందు ఆ మాట స్మరించుకొన్నచో వేలరూపాయలు మిగులును.

తర్కమున నన్వయ వ్యతిరేకము లను పద్ధతి కలదు. ఒకటి యున్నప్పుడు రెండవది యుండుట యన్వయము; అది లేనప్పుడు రెండవదియు లేకుండుట వ్యతిరేకము. కొన్నియేండ్ల క్రిందట నా బండి నిలిచియున్నచోట వడవడ వణకుట కారంభించెను. చూచిన మేస్త్రీ యొకరు ఇంజను విప్పవలెననియు, లేనిచో తుక్కు క్రింద నమ్ముకొనుట మేలనియు జెప్పిరి. నే నొకదినము గడువడిగితిని. ఇంజను ఆపి, మొదటి సిలిండరు ప్లగ్గు తీగను దీసి, దానికొక విడి ప్లగ్గు తొడిగి, ఆ ప్లగ్గు లోహభాగము ఇంజనుకు దాకునట్లు కట్టి, మరల నడపితిని. వణకు హెచ్చెను. అనగా ఆ సిలిండరు పనిచేయుచుండెను. మూడవదానియందును అట్లే యయ్యెను. రెండవదాని తీగ తీసినను శబ్దమున మార్పు లేదు. సోమరి యెవడో తెలిసిపోయెను. తరువాత ప్లగ్గులను దారుమారు చేసితిని. రోగము రెండవదానియందే నిలిచెను. తీగలను మార్చితిని; రోగము తీగవెంట బోయెను. ఆ తీగపై తొడుగు చిట్లి, మెఱుపు ప్లగ్గునకు జేరక దారిలోనే ఇంజనునకు దూకిపోవుచుండెను. క్రొత్తతీగ తొడిగినంతనే వణకు మానెను. ఆ తీగలలో వేల వోల్టుల విద్యుత్తు పాఱును గనుక ఇంజను నడచునప్పుడు వానిని ముట్టరాదని మాత్రము మఱువకుడు.

ఆ మేస్త్రీ వంచకుడని నే ననను. అతని వాకిట పది బండ్లుండును; ఒక్కొక్కదాని కతడు గడియయైన నీయలేడు. నాకు తీరిక కలదు. నా బండి యెట్లు పలుకునో ఇరువదియేండ్లుగా విన్న చెవులు గలవు. నే నొక్క బండి నెఱుగుదును, అతడు వేయి బండ్లను జూచెను. యజమాని బలమును మేస్త్రీ బలమును వేఱువేఱు. ఈ భేదము దెలిసినవానికే స్వహస్తవైద్యము మేలుచేయును.

మా చీరాలకు సముద్రము చేరువ. ఉప్పుగాలి యినుమునకు బరమశత్రువు. ఓడరేవునకు బోయి వచ్చిన ప్రతిసారియు బండి యడుగుభాగమును, చక్రముల గూళ్లను మంచినీటితో గడుగుదును. తలుపుల యడుగంచున నీరుపోవు రంధ్రములు మన్నుతో బూడకుండ జూచెదను. ఉప్పదనము గల బావినీటిని రేడియేటరులో బోసినచో లోపల తుప్పును, సున్నపు బెరడును గట్టును. కావున శుద్ధజలమున కూలెంటు కలిపి పోయవలెను. రోహిణికార్తె యెండలో ఇంజను కాగినప్పుడు రేడియేటరు మూత విప్పకుడు. లోపలి నీరు ఒత్తిడివలన 100 డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత వదులు కాగానే యొక్కపెట్టున మరిగి మొగముపై జిమ్మును. మా నేల యిసుకనేల. జాకీ క్రింద దిట్టమైన పలక వేయనిచో జాకీ యొఱగును. కేవలము జాకీని నమ్మి బండి క్రిందికి దూరరాదు. చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, స్టాండ్లపై బండిని నిలిపిన పిమ్మటనే దూరవలెను. మూసిన కొట్టులో ఇంజను నడపరాదు. వాసనలేని కార్బన్ మోనాక్సైడు మనిషి నెఱుగకుండ జంపును.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఒక వేసవిలో నా బండి బ్రేకు పెడలు మెత్తబడి లోనికి దిగసాగెను. కారణము లేమిటో యెఱుగుదును. చక్రము చెంత సిలిండరు కారవచ్చును; గొట్టములలో గాలి చేరవచ్చును; బ్రేకు ద్రవము కాలక్రమమున తేమను బీల్చి, వేడికి మరిగి, ఆవిరి బుడగలు గట్టవచ్చును. ఇన్ని యెఱిగియు నేను పానా ముట్టలేదు. బండిని గడపదాటింపక మేస్త్రీని యింటికి బిలిపించితిని. అప్పుడు మా పెద్దకుమారుడు, "నాన్నగారూ, ఇంజను విషయమున నంత ధైర్యము చూపిన మీరు దీనికేల వెనుదీసితిరి?" అని యడిగెను. నా సమాధాన మిది: ఏ పని చెడినచో బండి కదలకుండునో ఆ పని మనది, ఏ పని చెడినచో బండి యాగకుండునో ఆ పని మేస్త్రీది. ప్లగ్గు సరిగా బిగియనిచో బండి నా వాకిటనే నిలుచును, నష్టము నాది. బ్రేకు సరిగా బిగియనిచో అది గడియారస్తంభము కూడలిలో నిలువదు, నష్టము దారిన బోవువానిది. నా బండిలో నా మనుమ లెక్కుదురు. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చిన పొరుగింటి కోడలిని ఆసుపత్రికి జేర్చినదియు నదియే. పరుల ప్రాణములపై నా విద్యను బరీక్షించుకొను నధికారము నాకు లేదు.

ఆయిలు మార్చుట, గాలి ఫిల్టరు, ప్లగ్గులు, ఫ్యూజులు, దీపములు, బ్యాటరీ కొనలు శుభ్రపఱచుట, ఫ్యాను బెల్టు, ఇవి గృహస్థు చేయదగినవి. బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు ట్యాంకుచెంత వెల్డింగు, గ్యాసుతో నడచు బండ్లలో గ్యాసు గొట్టములు, ఇవి నిపుణునివి. మా యూరి నేతగాండ్ర పద్ధతియు నిదియే. తెగిన పోగును నేతగాడు తానే యతికికొనును. అందులకై యొరుల కొఱకు గనిపెట్టుకొనియున్నచో చీర దిగదు. మగ్గపు కొయ్య విఱిగినచో వడ్రంగిని బిలుచును. పిలుచుటవలన నతని నేర్పునకు లోపము రాదు.

పాతబండి గలవారికి నా మనవి. ఒక పుస్తకము పెట్టుకొని, ఏనాడు ఏమి మార్చితిరో, అప్పటికి బండి యెన్ని కిలోమీటర్లు తిరిగినదో వ్రాయుడు. వారమున కొకమాఱు ఆయిలు, రేడియేటరు నీరు, టైర్ల గాలి చూడుడు. సంవత్సరమున కొకమాఱు అడుగున జేరి, నేలరేకును, సీటుబెల్టు బిగించిన చోట్లను స్క్రూడ్రైవరుతో బొడిచి చూడుడు. ఆ చోట్ల నినుము పొడియై రాలినచో మంచి మేస్త్రీని జూపుడు. ఇక నతుకు నిలువదని యతడు చెప్పినచో, ఆ బండి యెంత ముద్దైనదైనను, దానిలో మఱియొకరి నెక్కింపకుడు. నా పుస్తకమున నా వ్యాను కొఱకు ఆ పుట నిప్పటికి ఖాళీగా నున్నది. వ్రాయవలసిన దినము వచ్చినప్పుడు చేయి వణకక వ్రాయుటకే యిన్నాళ్లుగా దాని నడుగున జేరి చూచుచున్నాను.

సెలవు.