ఇంటి కంప్యూటరుకు ఉచిత యాంటీవైరస్ – ఎంపిక ఎలా?

(లక్సెట్టిపేట విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరుకు ఉచితంగా దొరికే యాంటీవైరస్‌లలో ఏది మంచిదో చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. ఇది పిల్లలు చూసుకునే పని అని మనలో చాలామంది అనుకుంటారు. కాని పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇక్కడ ఆ కంప్యూటరు ముందు కూర్చునేది మనమే. మనవళ్ళను చూసుకునేది, పెన్షన్ పడిందో లేదో చూసుకునేది అందులోనే. పి.పి.ఓ., మెడికల్ బిల్లులు స్కాన్ చేసి దాచుకునేది కూడా అందులోనే. ముప్పై ఏళ్ళ సర్వీసు ఫలం ఉన్న బ్యాంకు ఖాతాకు అది ఒక తలుపు. ఆ తలుపుకు కాపలా ఎవరన్నది మనం తెలుసుకోవాలి.

వైరస్ అంటే గాలిలో వచ్చేది కాదు. ఎవరో ఒక మనిషి బుద్ధిపూర్వకంగా రాసిన ప్రోగ్రామే. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ అనే వైరస్ ఫ్లాపీల ద్వారా దేశదేశాలకు పాకింది. ఆ రోజుల్లో వైరస్‌లు చాలావరకు ఆకతాయి పనులు. ఇప్పుడు వాటి వెనుక ఉన్నది డబ్బు. అవి ఈమెయిల్‌లో, పెన్ డ్రైవ్‌లో, దొంగ సాఫ్ట్‌వేర్‌లో వస్తున్నాయి.

ఇక ‘ఉచితం’ అనే మాట సంగతి. దీనికి నాలుగు అర్థాలున్నాయి. ఏది ఏదో గుర్తు పడితే ఎంపిక సగం అయిపోయినట్లే.

మొదటిది, కంప్యూటరుతో పాటే వచ్చేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘డిఫెండర్’ అనే యాంటీవైరస్‌ను మైక్రోసాఫ్ట్ వారు విండోస్‌లోనే కలిపి ఇస్తున్నారు. దీనికి విడిగా రుసుము లేదు, గడువు లేదు. స్టార్ట్ బటన్ నొక్కి ‘విండోస్ సెక్యూరిటీ’ అని టైపు చేస్తే తెరుచుకుంటుంది. అందులో ఆకుపచ్చ గుర్తు ఉంటే కాపలా పనిచేస్తున్నట్లు. మనలాంటి వారి అవసరాలకు ఇది సరిపోతుందని నా అభిప్రాయం.

రెండవది, ఇతర కంపెనీల ఉచిత రకం. అవాస్ట్, ఏవీజీ, అవీరా, బిట్‌డిఫెండర్ వంటివి ఈ కోవలోవి. ఉచితంగా ఇచ్చి, డబ్బు కట్టే రకం కొనమని అడుగుతుండటం వీటి పద్ధతి. అందులో తప్పు లేదు. కాని ఒక విషయం గమనించాలి. తన సాఫ్ట్‌వేర్ వాడేవారు ఇంటర్నెట్‌లో ఏమేమి చూస్తున్నారో ఆ వివరాలను అమ్మిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి అవాస్ట్‌పై చర్య తీసుకుని, 2024లో కోటి అరవై అయిదు లక్షల డాలర్లు కట్టమన్నది. ఆ అమ్మకం 2020లోనే ఆగింది. అయినా పాఠం మిగిలింది. రూపాయి తీసుకోని వారు మరేదైనా తీసుకుంటున్నారా అని అడగాలి. వీటిలో ఒకటి వేసుకోవాలనుకుంటే ప్రకటనలు చూసి కాక, జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ సంస్థల పరీక్షా ఫలితాలు పిల్లలతో చూపించుకుని, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి.

మూడవది, గడువు ఉన్నది. కొత్త ల్యాప్‌టాప్‌లో కొన్నాళ్ళ కోసం ముందే వేసి ఇచ్చేది. గడువు తీరిన తరువాత కూడా దాని బొమ్మ తెర మీద ఉంటుంది, మనం ధీమాగా ఉంటాం. పదవీ విరమణ చేసిన వాచ్‌మన్ పేరు గేటుకు రాసి ఉన్నట్లన్నమాట. గడువు తీరితే డబ్బు కట్టి పొడిగించుకోండి, లేదా పూర్తిగా తీసివేసి కంప్యూటరును ఒకసారి ఆపి మొదలుపెట్టండి. డిఫెండర్ మళ్ళీ చార్జి తీసుకుంటుంది. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు మాత్రం నడపవద్దు. ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటరు మందగిస్తుంది.

నాలుగవది, అసలు యాంటీవైరసే కానిది. ఏదో చదువుతుండగా తెరంతా ఎర్రబడి, “మీ కంప్యూటరులో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని వస్తుంది. ఇది పచ్చి మోసం. చేయవద్దు. ఆ కిటికీ మూతపడకపోతే కంప్యూటరునే ఆపివేయండి. ఫోన్ చేస్తే, బాగు చేస్తామంటూ ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాం వేయించి, దూరం నుంచే మన కంప్యూటరును తమ చేతిలోకి తీసుకుంటారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన చేతులతో మనమే లోపలికి పిలిచిన వాడిని ఏ యాంటీవైరసూ పట్టలేదు.

యాంటీవైరస్ ఒక్కటే చాలదనటానికి మరొక నిదర్శనం చెబుతాను. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అనే వైరస్ ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ వారు మార్చిలోనే విడుదల చేశారు. వేసుకున్న వారి కంత మూసుకుంది, వాయిదా వేసిన వారిది తెరిచే ఉంది. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ మద్దతు ముగిసింది. పాత విండోస్ ఉన్నవారు, ముఖ్యంగా బ్యాంకు పనులు చేసేవారు, పిల్లలతో మాట్లాడి మార్చుకోవటం మంచిది.

చివరగా నాలుగు పనులు విన్నవిస్తాను.

1. అప్‌డేట్ అడిగితే “తరువాత” అనవద్దు.

2. జిరాక్స్ షాపుకు, మీ-సేవకు వెళ్ళి వచ్చిన పెన్ డ్రైవ్‌ను తెరిచే ముందు స్కాన్ చేయండి.

3. ముఖ్యమైన కాగితాలు, ఫోటోలు మరొక పెన్ డ్రైవ్‌లో కూడా పెట్టి, దానిని కంప్యూటరుకు తగిలించకుండా బీరువాలో ఉంచండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

4. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు, పెన్షన్ ఆగిపోతుందని ఎవరైనా ఫోన్ చేసి ఓ.టి.పి. అడిగితే చెప్పవద్దు. ట్రెజరీ గాని, బ్యాంకు గాని అది ఫోనులో అడగదు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోక, ఆ క్షణమే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వారు కూడా వైరస్‌లను తొలగించే సాధనాలను ఉచితంగా ఇస్తున్నారు. సెల్‌ఫోన్ల కోసం హైదరాబాదు సి-డాక్ వారు తయారు చేసిన ‘ఎం-కవచ్’ ఉంది.

కాబట్టి కొత్తది కొనే ముందు, కొత్తది వేసే ముందు, ఇంట్లో ఉన్న కాపలాదారు మేలుకుని ఉన్నాడో లేదో ఈ సాయంత్రమే చూసుకోండి. చూడటం రాని సభ్యుల ఇంటికి వచ్చినవారు ఒక్కసారి వెళ్ళి చూసి పెట్టండి. మనలో ఒంటరిగా ఉంటున్న వారికి, కుటుంబ పెన్షన్ మీద బతుకుతున్న సోదరీమణులకు ఆ సాయం ఎంతో అవసరం.