కరెంటు జరిపించే రసాయన చర్య

ఎండాకాలం గుంటూరు బ్రాడీపేటలో కరెంటు పోతే ఇన్వర్టరు ఆదుకుంటుంది. అప్పుడు బ్యాటరీలోని సీసపు పలకలకూ, ఆమ్లానికీ మధ్య చర్య దానంతటదే జరుగుతుంది. మనకు కరెంటు వస్తుంది. పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. అది తనంతట తాను వెనక్కి మారదు. ఎన్నాళ్లు ఉంచినా మారదు. కరెంటు వచ్చాక చార్జరు ఎలక్ట్రాన్లను ఎదురుదారిలో నెడుతుంది. అప్పుడే మారుతుంది. దానంతటదే జరగని చర్యను కరెంటుతో జరిపించడం, అదే విద్యుద్విశ్లేషణ.

ఉప్పునీరూ అంతే. ఊరికే ఉంచితే ఉప్పునీరుగానే ఉంటుంది. గోదావరి ప్రాంతంలోని సగ్గొండలో, ఆంధ్రా షుగర్స్ కర్మాగారంలో ఉప్పునీటిలోకి డీసీ కరెంటు పంపుతారు. క్లోరిన్, హైడ్రోజన్, కాస్టిక్ సోడా వస్తాయి. పత్తి నూలుకు మెరుపు తెచ్చేది కాస్టిక్ సోడా. కుళాయి నీళ్లలో క్రిములను చంపేది క్లోరిన్. కరెంటు చేసే ఇంత మేలు మన పాఠాల్లో ఒక్క సమీకరణంగా మిగిలిపోవడం నాకు బాధే.

మళ్లీ బ్యాటరీ దగ్గరికి వద్దాం. చార్జింగ్ నిండే వేళకు అందులోని నీరు కూడా విడిపోతుంది. హైడ్రోజన్ బయటికి వస్తుంది. అది మండే వాయువు. అందుకే బ్యాటరీని గాలి ఆడేచోట పెట్టండి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయండి.