ప్రళయకావేరి బాట: జమాఖర్చులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాటనుగూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. దీని పొడవు ఇంచుమించు 18 కిలోమీటర్లు. పూర్వము 5వ సంఖ్యతోను, 2010లో సంఖ్యలు మార్చిన పిదప 16వ సంఖ్యతోను పిలువబడుచున్న చెన్నపురి–కలకత్తా జాతీయ రహదారి ప్రక్కన ఇది మిక్కిలి చిన్నది. అయినను పులికాట్ సరస్సును, అనగా మన పెద్దల ప్రళయకావేరిని, అడ్డముగా దాటునది ఇదియే.

ఈ బాటకు ముందు ఇచ్చటి రాకపోకలు నీటిమీదనే సాగెడివి. 1806లో మద్రాసున మొదలైన కాలువ క్రమముగా ఉత్తరమునకు సాగి, 1878లో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దాల్చినది. ఆ కాలువ వెంట శ్రీహరికోట అడవి కట్టెలు చెన్నపురి పొయ్యిలకు పడవలలో చేరెడివి. నాటి దారి ఉత్తర దక్షిణములుగా నుండగా, నేటి దారి తూర్పు పడమరలుగా నున్నది.

1969లో శ్రీహరికోటను రాకెట్ల కేంద్రమునకు ఎంపిక చేసిరి. ఆ కాలముననే సరస్సులో కట్ట పోసి, అటకానితిప్ప మీదుగా బాట వేసిరి. 1971 అక్టోబరు 9న అచ్చటినుండి తొలి రాకెట్టు లేచినది. 2023 జులై 14న చంద్రయాన్-3 ను మోసిన రాకెట్టు సైతము అచ్చటినుండియే ఎగసినది. పడవకొరకు ఎదురుచూడకనే రోగి వైద్యునివద్దకును, బాలుడు బడికిని పోగలిగిరి. ఇది జమ.

ఖర్చును గూడ వ్రాయవలెను. కేంద్రమునకై భూములు తీసుకొనగా దీవిలోని పల్లెలవారు ఊళ్లు విడిచిరి. కట్ట సరస్సును రెండుగా విడదీసినది. నీరు తూముల గుండ మాత్రమే అటునిటు పారవలెను. సముద్రపు పోటుతో లోనికి వచ్చిన రొయ్య పిల్లలు సరస్సులో పెరుగును. రాయదొరువు వద్ద ముఖద్వారమున ఇసుక మేట వేసినను, తూములు పూడినను వాటి దారి మూతపడును. నీరు తగ్గిన మడుగు ఎండి బీడగును. అప్పుడు జాలరి వలకును, శీతకాలమున వచ్చు రాజహంసకును ఒకే కరవు.

బాట వలదని నా భావము కాదు. అది లేని కష్టమేమో ఇరకము దీవివారిని అడిగిన తెలియును. వారికి భీమునివారిపాలెము రేవునుండి పడవ ప్రయాణమే చిరకాలపు వాడుక. బాటను వెడల్పు చేయునపుడెల్ల తూములనుగూడ వెడల్పు చేయవలెననియు, మరమ్మతు లెక్కలో తారుతో పాటు నీటి దారికిని పద్దు ఉండవలెననియు మాత్రమే నా విన్నపము.

మన గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. బాటను కొలిచిన లెక్కలు ప్రభుత్వ దస్త్రములలో నుండును. పాత రేవుల పేర్లు, ఏ నెలలో ఏ చేప దొరకెడిది, ఏ యేట నీరు ఎంతవరకు వచ్చినది అను సంగతులు మాత్రము వృద్ధులైన పడవవారి నోటనే యున్నవి. వారున్నపుడే చదువుకున్న యువకులు వెళ్లి, అడిగి, తేదీతో వ్రాసి, ఒక చిట్టాను ఈ బీరువాలో నుంచవలెను. రేపు తూములనుగూర్చి అధికారులకు అర్జీ వ్రాయునపుడు ఆ చిట్టాయే మనకు సాక్ష్యము. ఒక వైపు పద్దులే యున్న చిట్టాను ఏ లెక్కలవాడును సరియని ఒప్పుకొనడు.