ఇంటికి కాపలా తుపాకి — అది పట్టువారు నేర్వవలసిన విద్య

దివిసీమలో పొలముల నడుమ ఒంటరిగా నిలిచిన ఇల్లు. కోతలు ముగిసి ధాన్యము అమ్ముడుపోయిన దినములు. నడిరేయి పెరటిలో ఏదో అలికిడి. అట్టి వేళ గృహస్థునకు బీరువాలోని తుపాకి గుర్తుకు వచ్చుట సహజము. ఆ తుపాకి అతని ఇంటికి మేలు చేయునా, కీడు చేయునా అన్నది ఆ రాత్రి తేలునది కాదు. అంతకు ఎన్నో నెలల ముందు, పగటి వెలుగులో, అతడు పొందిన శిక్షణనుబట్టి తేలును. నేటి ప్రసంగమున మేము చెప్పదలచినది ఈ మాటయే.

తుపాకి ఈ తీరమునకు కొత్తది కాదు. బందరులో డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వర్తకశాలలు కట్టిన నాటినుండియు దాని చప్పుడు మనవారు వినుచునే ఉన్నారు. కాని 1878 నాటి ఆయుధముల చట్టము లైసెన్సు లేనిదే భారతీయుడు దానిని ముట్టరాదన్నది. 1931లో కరాచీ కాంగ్రెసు తన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు పౌరునకు ఉండవలెనని కోరినది. అయినను మన రాజ్యాంగము దానిని ప్రాథమిక హక్కులలో చేర్చలేదు. స్వతంత్ర భారతమున చేసిన 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చినది. రక్షణకొరకు 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టము గల తుపాకిని కోరువారిని ఆ చట్టము ప్రత్యేకముగా పేర్కొన్నది. కోరువారికి 21 ఏండ్లు నిండియుండవలెను. పోలీసువారి విచారణ జరుగవలెను. 2016 నాటి నియమములు మరొక అడుగు ముందుకు వేసి, లైసెన్సు కోరువారు ఆయుధమును క్షేమముగా వాడుటలో శిక్షణ పొందవలెనని విధించినవి. చట్టమునకు ఇది ఒక షరతు కావచ్చును; ఇంటిల్లిపాదికి ఇది ప్రాణావసరము.

ఇట్టి తుపాకులలో మనకు బాగుగా తెలిసినది 12 బోరు తుపాకి. బ్యాంకు వాకిట కాపలావాని భుజమున సాధారణముగా కనబడునది అదియే. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు ఎంత వెడల్పుండునో, ఈ తుపాకి గొట్టము లోపలి వెడల్పు అంత. అందుకే దానికి ఆ పేరు. ఒక తూటాలో అనేకమైన చిన్న గుండ్లు ఉండును. అవి చెదరిపోవును గనుక గురి అక్కరలేదని పలువురు తలంతురు. ఇది పెద్ద అపోహ. గొట్టము చివర నొక్కు లేని తుపాకినుండి గుండ్లు గజమునకు సుమారు ఒక అంగుళము చొప్పున మాత్రమే విచ్చుకొనును. నాలుగు గజముల గదిలో అవి సుమారు అరచేయంత మేర మాత్రమే విచ్చుకొనును. ఒకే ముద్దగా పోవును. గురి తప్పినచో మొత్తము తప్పును. తప్పిన ముద్ద అచ్చటితో ఆగదు. తడికను, తాటాకు దడిని, పలుచని తలుపును దాటి పోవును. ఆరుబయట చిన్న గుండ్లు సైతము రెండు వందల గజములకు పైగా పోగలవు.

కావున శిక్షణలో మొదటి పాఠము పేల్చుట కాదు. తుపాకి చేతికి వచ్చినంతనే దానిని మడిచి తెరచి, గొట్టములలో తూటా ఉన్నదో లేదో కంటితో చూచుట మొదటి పాఠము. ఖాళీదని ఇతరులు చెప్పినను చూడవలెను. గొట్టము మొనను మనుష్యుల వైపు ఎన్నడును త్రిప్పరాదు. గురి నిశ్చయమగువరకు వ్రేలు మీటమీదికి పోరాదు. గురికి వెనుక ఏమున్నదో తెలియనిదే పేల్చరాదు. ఈ నాలుగును నోటికి వచ్చిన చాలదు, చేతికి రావలెను. భయముతో గుండె కొట్టుకొను వేళ మనస్సు ఆలోచింపదు. అలవాటుపడిన చేయి మాత్రమే పనిచేయును.

గురికి వెనుక ఏమున్నది? ఈ ప్రశ్నకు మన ప్రాంతమున ఒక్కొక్క చోట ఒక్కొక్క సమాధానము. గుడివాడ వీధులలో ఇల్లు ఇంటిని ఆనుకొని ఉండును. కిటికీ ఆవల పొరుగువారి పసిబిడ్డ నిద్రించుచుండవచ్చును. బందరులో వేకువకు ముందే మత్స్యకారులు వేటకు బయలుదేరుదురు. దివిసీమ చేలగట్లపై నీటి వంతు కొరకు రైతు అర్ధరాత్రి నడచును. డెల్టాలో రాత్రి నడచువాడెల్ల దొంగ కాడు. అందుచేత దీపము వేయుట, "ఎవరది?" అని గట్టిగా కేక వేయుట, బదులు వినుట కూడ శిక్షణలోని భాగములే. అంతకు ముందు ఇంటివారందరు ఒక గదిలో చేరి తలలు లెక్కపెట్టుకొనవలెను. పెరటిలో అలికిడి చేసినది మన బిడ్డయే కావచ్చును గదా!

ఇక భద్రపరచుట. తుపాకి ఒక బీరువాలో, తూటాలు వేరొకచోట, రెండును తాళములలో ఉండవలెను. తాళపుచెవులు పిల్లలకు అందరాదు. మన సముద్రపు గాలిలో ఉప్పున్నది, వానకాలమున చెమ్మ ఉన్నది. నూనె పట్టించని గొట్టము త్వరలో త్రుప్పు పట్టును. వాడక మూలపడిన తుపాకిలో పురుగులు మట్టిగూళ్ళు కట్టుట కలదు. గొట్టమున అడ్డు ఉండగా పేల్చినచో అది పగిలి పేల్చినవానినే గాయపరచును.

చట్టము మాట. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును వివరించుచున్నవి. పొద్దుగ్రుంకిన పిదప ఇల్లు పగులగొట్టి చొరబడుటను చట్టము తీవ్రముగానే ఎంచినది. కాని రక్షణకు అవసరమైన దానికంటె మించిన హాని చేయు హక్కు ఎవరికిని లేదు. అధికారుల సాయము పొందుటకు వ్యవధి ఉన్నచో ఆ హక్కు వర్తింపదు. వెనుదిరిగి పారిపోవుచున్నవానిపై పేల్చినవాడు న్యాయస్థానమున ఏమని చెప్పగలడు? ఇంటి కాపలాకు ఇచ్చిన లైసెన్సు వేటకు అనుమతియు కాదు. గుడివాడకు చేరువనున్న కొల్లేటి పక్షులను 1972 నాటి వన్యప్రాణి చట్టము కాపాడుచున్నది. పెండ్లి ఊరేగింపులో గాలిలోనికి పేల్చి ఇతరుల ప్రాణములకు అపాయము తెచ్చుటను 2019 నాటి సవరణ నేరముగా చేసినది.

దివిసీమవారు మరువజాలని ఒక రాత్రి ఉన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి సుమారు పదివేల మందిని బలిగొన్నది. అంతకు పూర్వము 1864 నవంబరు 1న బందరు ఇట్టి ఉప్పెననే చూచినది. అట్టి రాత్రులలో ఎత్తైన ఇల్లు, గట్టి మిద్దె ఎవరికున్నను అది ఊరందరికి దిక్కు. చీకటిలో తలుపు బాదువాడు ఆశ్రయము కోరి వచ్చినవాడు. ఇట్టి తీరమున కాపురముండువాడు తలుపు చప్పుడు విన్నంతనే మీటపై వ్రేలు పెట్టరాదు. తలుపు మూయుట ఎప్పుడో, తెరచుట ఎప్పుడో తెలియుటయే ఇక్కడి గృహరక్షణ.

తుపాకికంటె ముందు నిలువవలసిన కాపలాలు వేరే కలవు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ధాన్యపు సొమ్ము పెట్టెలోనుండి బ్యాంకుకు చేరిన ఇంటికి దొంగవచ్చు కారణమే తగ్గును. గట్టి గడియ, వాకిట దీపము, మొరుగు కుక్క, పిలిచిన పలుకు పొరుగువాడు, 112 నంబరు — ఇవి అన్నియు తుపాకికి ముందు వరుసలు. నిజముగా అవసరముండి లైసెన్సు పొందినవారు తుపాకిని ఈ వరుసలో చివర నిలుపుదురు గాక. ఏటేట మరల శిక్షణ పొందుదురు గాక. శిక్షణకు ఓపిక లేనివారు మాత్రము దానిని ఇంట ఉంచుకొనక, చట్టప్రకారము అప్పగించుటయే మేలు. శిక్షణ లేని చేతిలోని తుపాకికి దొంగకంటె ఇంటివారే దగ్గరగా ఉందురు.