విత్తనం నడిచిన దారి



వరి మడిలోనే ఆయుష్షంతా గడిపిన మా గురువుగారి స్మారక సభలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ చరిత్ర ఎందుకు ఎత్తుకున్నానని మీకు అనిపించవచ్చు. ఆయన పెంచిన మడుల్లో ఆ దూరదేశపు సొమ్ముకూ పాలుంది. అందుకే ఎత్తుకున్నాను.

1913లో న్యూయార్క్‌లో ఆ సంస్థ పుట్టింది. రాక్‌ఫెల్లర్ కుటుంబానికి చమురు వ్యాపారంలో పోగైన సంపదే దానికి మూలం. అంతకు నాలుగేళ్ళ ముందే ఆ కుటుంబం డబ్బుతో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగు మీద పోరాటం మొదలైంది. వట్టికాళ్ళతో పొలానికి వెళ్ళే పేదల పాదాల చర్మంలోంచి ఆ పురుగు ఒంట్లోకి దూరి రక్తం పీల్చేది. పల్లెల్లో శిబిరాలు పెట్టి, జనాన్ని పిలిచి, సూక్ష్మదర్శినిలో గుడ్లను చూపించి థైమాల్ మందు ఇచ్చేవారు. మందు పురుగును పడగొట్టింది గానీ మరుగుదొడ్డి, చెప్పులు లేని ఇంట్లోకి అది మళ్ళీ వచ్చింది. తరువాత వేరే దేశాల్లోనూ ఇదే అనుభవం ఎదురైంది.

రాక్‌ఫెల్లర్ డబ్బుతోనే పశ్చిమాఫ్రికాలో పచ్చజ్వరం మీద పరిశోధనకు వెళ్ళిన శాస్త్రవేత్తల్లో స్టోక్స్ 1927లో, నొగూచీ 1928లో ఆ జ్వరంతోనే కన్నుమూశారు. గోల్డ్ కోస్ట్‌కు చెందిన అసిబి అనే రోగి రక్తంలో దొరికిన వైరస్ నుంచే న్యూయార్క్‌లో ఫౌండేషన్ శాస్త్రవేత్త థైలర్ బృందం 17డి అనే పచ్చజ్వరం టీకా తయారు చేసింది. 1951లో థైలర్‌కు నోబెల్ వచ్చింది. అసిబి పేరు కూడా మనం తలుచుకోవాలి.

మెక్సికో కథ నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 1941లోనే కార్ల్ సావర్ అనే భూగోళ శాస్త్రవేత్త ఫౌండేషన్‌ను హెచ్చరించాడు: అమెరికా విత్తనాలు తెచ్చి రుద్దితే అక్కడి రైతుల నాటు మొక్కజొన్న రకాలు పోతాయని. 1943లో అక్కడ ఫౌండేషన్ వ్యవసాయ పథకం మొదలైంది. మరుసటి ఏడు బోర్లాగ్ అనే శాస్త్రవేత్త అందులో చేరాడు. గోధుమ అద్భుతంగా పండింది, 1956కల్లా దేశం స్వయంసమృద్ధి సాధించింది. కానీ ఆ లాభం నీటి వసతి ఉన్న ఉత్తరాది పెద్ద కమతాలకు దక్కినంతగా, వానమీద ఆధారపడి మొక్కజొన్న వేసుకునే చిన్న రైతులకు దక్కలేదు. డబ్బు ఇచ్చేవారే సమస్య ఏమిటో కూడా నిర్ణయిస్తే ఇలాగే అవుతుందని నా గట్టి నమ్మకం.

1960లో రాక్‌ఫెల్లర్ వారు ఫోర్డ్ ఫౌండేషన్‌తో కలిసి ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థను నెలకొల్పారు. ఇండోనేషియా పేటాను, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌ను కలిపి తీసిన ఐఆర్8 1966లో విడుదలైంది. ఎరువు వేస్తే పడిపోని పైరది. మరుసటి ఏడే మన గోదావరి డెల్టాలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపారు. దిగుబడి ఘనమే. అయితే అన్నం చల్లారితే గట్టిపడేది, దోమపోటు తట్టుకునేది కాదు.

ఆ లోటు తీర్చే పని మన శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. మార్టేరులో వశిష్ట రకాన్ని మసూరితో కలిపి 1982లో స్వర్ణ ఇచ్చారు. బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. తూర్పు భారత రైతులకు ముంపు పెద్ద బెడద. లాస్ బాన్యోస్ శాస్త్రవేత్తలు ఒడిశా నాటు రకంలోని ముంపు తట్టుకునే జన్యువును మన స్వర్ణలోకే ఎక్కించారు. 2009లో భారతదేశంలో విడుదలైన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా నీటిలో మునిగినా మళ్ళీ చిగురిస్తుంది.