వరవిక్రయం సినిమా, మన ఇళ్ల పెళ్లిళ్లు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఎనిమిదో తరగతి దాకానే చదివాం. ఉపన్యాసాలు మాకు రావు. సంఘం సెక్రటరీగా లెక్కలు రాసుకునే వాళ్లం. అయినా ఇవాళ ఒక పాత సినిమా గురించి నాలుగు మాటలు చెబుతాం. ఎందుకు చెబుతున్నామో చివరికి మీకే తెలుస్తుంది.

ఆ సినిమా పేరు వరవిక్రయం. 1939లో వచ్చింది. కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ వాళ్లు తీశారు. డైరెక్టరు చిత్తజల్లు పుల్లయ్య గారు. మూలం కాళ్లకూరి నారాయణరావు గారి నాటకం. ఇద్దరూ కాకినాడతో సంబంధం ఉన్నవాళ్లే, మన యానాం వాళ్లకు ఇరుగుపొరుగు వాళ్లన్న మాట. సినిమాకు మాటలు వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. పాట పాడగలిగిన వాళ్లే వేషం వెయ్యాలి. భానుమతి గారికి అదే మొదటి సినిమా. పదిహేనేళ్ల లోపు పిల్ల, కాళింది వేషం వేసి పాటలు పాడింది. పిసినారి సింగరాజు లింగరాజు వేషం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది.

కథ చిన్నదే. పురుషోత్తమరావు గారికి ఇద్దరు కూతుళ్లు, కాళింది, కమల. పెద్దపిల్ల పెళ్లికి లింగరాజు కట్నం అడుగుతాడు. తండ్రి ఆస్తి పోగొట్టుకుని డబ్బు కడతాడు. నా మూలాన ఇంటివాళ్లు వీధిన పడుతున్నారే అని ఆ పిల్ల నూతిలో దూకి చచ్చిపోతుంది. లింగరాజు పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇవ్వడు. అప్పుడు చెల్లెలు కమల ఆ పెళ్లికొడుకునే చేసుకుంటుంది. చేసుకుని, అత్తవారింటికి పోదు. కోర్టులో నిలబడి, మేం డబ్బిచ్చి కొన్న మనిషి మా ఇంట్లోనే ఉండాలి కదా అని అడుగుతుంది. లింగరాజు నోరు పడిపోతుంది.

అంతకు ముందు గురజాడ గారు కన్యాశుల్కం రాసిన రోజుల్లో ఆడపిల్లను అమ్మేవారు. తరవాత పిల్లవాణ్ణి అమ్మడం మొదలైంది. చాలా కులాల్లో ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునే ఆచారం ఉండేది. పని చేసే చెయ్యి ఇంటికొస్తోందని దాని అర్థం. మన ఇళ్లలో చూడండి. మగ్గం గుంటలో కూర్చునేది మగవాడే కావచ్చు. కండెలు చుట్టేది ఎవరు? ఆసు పోసేది ఎవరు? అచ్చు అతికేది ఎవరు? ఆడమనిషి చెయ్యి లేకపోతే చీర మగ్గం దిగదు. మరి ఆ చేతిని మన ఇంటికి పంపుతూ ఎదురు డబ్బివ్వమని ఏ ముఖంతో అడుగుతున్నాం?

సంఘంలో పొదుపు సొమ్ము తీసుకునే కాగితాలు మా చేతి మీదుగానే పోతాయి. ఇల్లు బాగుకు అని రాస్తారు. నెల తిరక్కుండా శుభలేఖ తెచ్చి ఇస్తారు. పదిహేను ఇరవై ఏళ్లు నాడె ఆడించి దాచుకున్నది ఒక పూటలో పోతుంది.

ఇంకొక మాట. మగ్గం మీద ఉన్న కుర్రాడికి మనమే పిల్లనివ్వం. మగ్గం వదిలేసి నెల జీతానికి పోయినవాడికి లక్షలు పోసి ఇస్తాం. అంటే మగ్గానికి విలువ సున్నా అని బయటివాళ్లెవరూ కాదు, మనమే రేటు కడుతున్నాం. ఆ తరవాత పిల్లలు మగ్గం ఎక్కడం లేదని మీటింగుల్లో బాధపడతాం.

కట్నం నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, కట్నం పందిట్లో ఉంది. కనక పని మన దగ్గరే మొదలవ్వాలి. ఫెడరేషన్ పెద్దలకు మా విన్నపాలు రెండే. వధూవరుల పరిచయ సభలో కట్నం మాట ఎత్తిన వాళ్ల పేరు జాబితాలోంచి తీసెయ్యండి. మగ్గం పని చేసే కుర్రాళ్ల పేర్లు ముందు చదవండి.

వచ్చే ఏడు ఈ సభలో మన పిల్లలతో వరవిక్రయం కోర్టు రంగం ఆడిద్దాం. కమల వేషానికి పిల్లలు బోలెడుమంది దొరుకుతారు. లింగరాజు వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. ఇళ్లల్లో ఆ వేషం వేస్తున్న వాళ్లు ముందు వరసలో కూర్చుని చూడాలని మా కోరిక.