ఇంగ్లీషు మాటలు ఎక్కడ నేర్చుకోవాలి

 

పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లని ప్రిన్సిపాల్‌గారు చెప్పారు. ఇక మీదట ఇంటర్వ్యూలు, పీజీ పాఠాలు, ఆఫీసు కాగితాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అందుకని ఇవాళ ఒక్క సంగతే మాట్లాడతాను. పెద్ద స్థాయి ఇంగ్లీషు మాటలు మనకు పట్టుబడేదెలా?

విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈకి కూర్చునే మన పిల్లలు వేల మాటల జాబితా ముందేసుకుని, మాటకో అర్థం చొప్పున బట్టీ పట్టడం ఏళ్ల తరబడి నడిచింది. అప్పట్లో ఆ పరీక్షలో వ్యతిరేక పదాలు, పదాల జతల మీద ప్రశ్నలు ఉండేవి కాబట్టి కొంత గిట్టుబాటయింది. 2011 ఆగస్టులో ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేశారు. ఖాళీలున్న వాక్యాలిచ్చి, అక్కడ ఏ మాట ఇముడుతుందో అడగడానికే ఎక్కువ చోటిచ్చారు. పరీక్ష పెట్టేవాళ్లు వాక్యం దగ్గరికి వచ్చినా, మన చదువు చాలాచోట్ల జాబితా దగ్గరే ఆగిపోయింది. నా బాధ అదే.

'శాంక్షన్' అనే మాట తీసుకోండి. బడి ముఖం చూడని రైతు కూడా లోను శాంక్షన్ అయిందంటాడు, మంజూరైందని. అదే మాట బహువచనంలో, ఇంగ్లీషు పత్రికలో ఒక దేశం పేరు పక్కన కనిపిస్తే అక్కడ అర్థం ఆంక్షలు. మంజూరు అన్న ఒక్క అర్థమే కంఠతా వచ్చినవాళ్లు ఆ వార్తను పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

మాటకు అర్థం వాక్యంలోనే తేలుతుందనడానికి, నిఘంటువులు ఎలా తయారయ్యాయో కాస్త చూడండి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు 1857లో ప్రతిపాదన వచ్చింది, మొదటి కూర్పు పూర్తయ్యేసరికి 1928. సంపాదకుడు జేమ్స్ మర్రే పిలుపు విని ఎందరో పాఠకులు పైసా ఆశించకుండా పుస్తకాలు చదివి, ఫలానా మాట ఫలానా వాక్యంలో ఉందని చీటీల మీద ఎత్తి రాసి పంపారు. ఆ చీటీలు పక్కపక్కన పేర్చి చూసుకున్నాకే అర్థాలు రాశారు. మన బ్రౌన్ దొర చేసిందీ ఇలాంటి పనే. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చి తెలుగులో పడ్డాడు. పండితుల్ని దగ్గర పెట్టుకుని వేమన పద్యాలు, కావ్యాలు చదివాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే మాట వెంట కవుల ప్రయోగాలు, జనం పలుకుబడులు కనిపిస్తాయి. పరాయి భాష నేర్చుకునేవాళ్లకు ఆయనకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

మరి ఏ మాటలు ముందు నేర్చుకోవాలి? అరుదైన మాటే గొప్ప మాటని చాలామంది అనుకుంటారు. న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు సైన్సు, లా, కామర్సు, ఆర్ట్స్ విభాగాల రచనల్లో తరచుగా వచ్చే మాటలు ఏరి, 2000లో ఒక పట్టిక ప్రచురించారు. అందులో ఉన్నవి 570 పద కుటుంబాలే. అయినా విద్యాసంబంధమైన రచనల్లో ఇంచుమించు ప్రతి పది మాటల్లో ఒకటి వాటిలోదే. అనలైజ్, కాన్సెప్ట్, డేటా, సిగ్నిఫికెంట్ లాంటివన్నమాట. చూడ్డానికి తేలికే. కానీ స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు తెలుసు, అక్కడ సిగ్నిఫికెంట్ అంటే ముఖ్యమైనదని కాదు, కేవలం కాకతాళీయమని కొట్టిపారేయలేని ఫలితమని. ఇలాంటి తేడా మీ సబ్జెక్టు పుస్తకమే నేర్పాలి, అందుకని దానితోనే మొదలుపెట్టండి.

తెలియని మాట తగిలితే వాక్యమంతా నోట్‌బుక్కులో ఎక్కించండి. మర్నాడొకసారి, వారానికొకసారి, నెలకొకసారి తిరగేయండి. అర్థం లేని అక్షరాల వరసలు బట్టీ పట్టి తన మీద తనే ప్రయోగం చేసుకున్న మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్, నేర్చినదాంట్లో ఎక్కువ భాగం ఒక్క రోజులోనే జారిపోతుందని 1885లోనే రాశాడు. కాబట్టి మరిచిపోతే మీ తెలివిని శంకించుకోవద్దు. తెలియదని అడగడానికి సిగ్గుపడొద్దు.

బీఈడీకి వెళ్లేవాళ్లను ప్రత్యేకంగా ఒకటి కోరుతున్నాను. రేపు మీ క్లాసులో ఒక పాప లేచి ఏదో ఇంగ్లీషు మాటకు అర్థం అడుగుతుంది. వెంటనే అర్థం చెప్పేయకండి. ఎక్కడ చదివావమ్మా అని అడిగి, ఆ వాక్యం తన చేతే బోర్డు మీద రాయించి, పాఠం అక్కడి నుంచి ఎత్తుకోండి.